చెప్పి చెడిపోయే ఇంజను

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు, పెరట్లో రేకుల పందిరి కింద ఉన్న మా పాత మారుతి 800 బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ఇప్పటి కార్లలో బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప పెద్దగా ఏమీ కనిపించదు కాబట్టి, ఇందులో ఇంజను పక్కనుంచి కింద నేల కనిపించడం వాడికి వింతగా తోచింది. "మావయ్యా, ఈ ఇంజను చెడిపోనే చెడిపోదంటారు కదా, నిజమేనా? ముప్ఫైతొమ్మిదిన్నర హార్స్‌పవరట. నా బైకుకే నలభై మూడు దాటి ఉంది" అన్నాడు. నిజమేనని చెప్పబోయి ఆగిపోయాను. ఆ కారు ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ ఆగిపోయిందో తారీఖులతో సహా రాసిపెట్టిన పుస్తకం మా ఇంట్లోనే, నాన్నగారి బీరువాలో ఉంది మరి.

నాన్నగారు లెక్కల మాష్టారు. 1990 మోడల్ కారును 2001లో సెకండ్ హ్యాండులో కొన్న రోజునుంచి, చూపు మందగించి 2014లో స్టీరింగ్ నాకు అప్పగించే వరకు, పోసిన ప్రతి లీటరు పెట్రోలూ, మార్చిన ప్రతి ప్లగ్గూ ఆ పొడుగు పుస్తకంలో రాశారు. రోడ్డు మీద ఆగిపోయిన సందర్భాలకు మాత్రం ఎర్ర సిరా వాడారు. ఆ రాత్రి కూర్చుని లెక్కపెడితే పదమూడేళ్ళలో ఎర్ర సిరా పదిహేడు చోట్ల కనిపించింది. చెడిపోని కారు పదిహేడుసార్లు ఆగదు. అయినా ఆ కారు మమ్మల్ని నమ్మించి మోసం చేసిందని మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అనుకోలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తేల్చుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఇంజను చెడిపోదన్న పేరు సరైనది కాదు. ఇది చెడిపోతుంది, తరచుగానే చెడిపోతుంది, కాని చెప్పి చెడిపోతుంది, కొద్దికొద్దిగా చెడిపోతుంది. మనం దాని నమ్మకం అని పిలుచుకున్నదాంట్లో పెద్ద భాగం ఈ గుణమే. అయితే చెప్పేవాడు ఉంటే సరిపోదు, వినేవాడు కూడా ఉండాలి. ఆ వినే పని అంతా కారు నడిపేవాడి మీద పడింది కాబట్టి, ఈ ఇంజనుకు వచ్చిన మంచిపేరులో మన కష్టం ఎంతో, దాని గొప్పతనం ఎంతో విడదీసి చూడాలి.

కాగితం మీద ఉన్నది

సుజుకి వారు ఎఫ్8బి అని పిలిచే ఈ ఇంజను సామర్థ్యం 796 సీసీ. మూడు సిలిండర్లు, ఒక్కొక్కటి 68.5 మిల్లీమీటర్ల బోరు (అడ్డుకొలత), 72 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). తల మీద వాల్వులను తెరిచే ఒకే క్యామ్‌షాఫ్ట్, దాన్ని తిప్పే టైమింగ్ బెల్ట్, సిలిండరుకు రెండు చొప్పున ఆరు వాల్వులు, ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్. కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నొక్కే పాళ్ళు, 8.7కి ఒకటి. నిమిషానికి 5,500 చుట్ల దగ్గర 39.5 హార్స్‌పవర్, 2,500 చుట్ల దగ్గర 59 న్యూటన్ మీటర్ల టార్క్. గేర్లు నాలుగు.

ఈ అంకెలను మేనల్లుడి బైకు పక్కన పెడితే వాడి ఆశ్చర్యం సబబే అనిపిస్తుంది. 373 సీసీల ఒంటి సిలిండరు నుంచి నలభై మూడు పైచిలుకు హార్స్‌పవర్ తీసిన ఇంజను అది. ఇంజను పరిమాణం లీటరు లెక్కన చూస్తే దాదాపు 116 హార్స్‌పవర్. మన 800 లీటరుకు యాభై దాటదు. అంటే ఇంజను చేయగలిగిన దానిలో చాలా తక్కువ పనే దానికి అప్పగించారు. అయిదున్నర వేల చుట్ల దగ్గర కూడా పిస్టన్ సగటు వేగం సెకనుకు 13 మీటర్ల చిల్లర. ఊళ్ళో మామూలుగా నడిచే రెండున్నర వేల చుట్ల దగ్గర అది 6 మీటర్లే. రింగులూ సిలిండరు గోడలూ ఒకదాన్నొకటి నిదానంగా రాసుకుంటూ పోతాయి కాబట్టి అరుగుదలా నిదానంగానే ఉంటుంది.

కంప్రెషన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆ రోజుల్లో మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు 87 ఆక్టేన్‌ది (ఈ అంకె తగ్గేకొద్దీ పెట్రోలు ఒత్తిడిని తక్కువ తట్టుకుంటుంది). దానిలో కిరోసిన్ కలిపే బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో కారున్న ప్రతివాడికీ తెలుసు, ఎక్కడ లేవో ఎవరికీ తెలియదు. అలాంటి పెట్రోలుతో కంప్రెషన్ ఎక్కువగా ఉన్న ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొట్టుకుంటుంది. ఆ నాకింగ్ ఎక్కువ కాలం సాగితే పిస్టన్ తల కరిగిపోతుంది. 8.7 అనే అంకె వెనక ఎవరి ఆలోచన ఎంతుందో గాని, మన దేశపు పెట్రోలుకు అది సరిగ్గా కుదిరింది. నన్నడిగితే ఈ ఇంజను దీర్ఘాయువుకు మొదటి కారణం అదే.

రెండో కారణం ఇంజనులో లేదు, కారు బరువులో ఉంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేనాటికి మన రోడ్ల మీద ఉన్నవి ప్రధానంగా 1,489 సీసీల అంబాసిడర్, 1,089 సీసీల ప్రీమియర్ పద్మిని. పద్మిని శక్తి కూడా సుమారు నలభై హార్స్‌పవరే, కాని ఆ నలభై దాదాపు తొమ్మిది వందల కిలోలను లాగాలి. 1986 తర్వాతి మారుతి బరువు ఆరువందల యాభై కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. మోయాల్సిన బరువే లేనప్పుడు మోసేవాడు అలసిపోడు.

ఇది నా ఊహ మాత్రమే కాదని మా మేస్త్రి గారి మాట వల్ల తెలిసింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపిన మనిషి ఆయన. ఇదే ఇంజను ఓమ్ని వ్యానులోనూ ఉంది, ముందు సీట్ల కిందనే కూర్చుని ఉంటుంది. "కారులో ఉన్న ఇంజనూ, వ్యానులో ఉన్న ఇంజనూ ఒక తల్లి బిడ్డలే మాష్టారూ, కానీ వ్యాను నా దగ్గరికి బోరుకొస్తుంది, కారు ప్లగ్గులకొస్తుంది" అని ఆయన నాన్నగారితో అన్న మాట నాకు బాగా గుర్తు. బోరంటే అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం. పదిమంది బడిపిల్లలను, వాళ్ళ సంచులను, లేదా పెళ్ళివంట సామాను మొత్తాన్ని ఎక్కించుకుని తిరిగే వ్యానులో ఆ ఇంజను జీవితం వేరు. అందుకని ఫలానా ఇంజను గట్టిది అని విన్నప్పుడల్లా, ఏ బండిలో, ఎంత బరువుకింద అని అడగాలని నాకు అనిపిస్తుంది.

నకిరేకల్ దాకా వెళ్దామన్న రోజు

పదిహేడు ఎర్ర గుర్తుల్లో పదహారు ఇంజను చుట్టూ అంటిపెట్టుకుని ఉండే భాగాలవే. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు కాలిపోవడం, కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ రంధ్రంలో నలుసు పడడం, పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి పొర) చిల్లిపడడం, క్లచ్ కేబుల్ తెగడం, బ్యాటరీ దిగిపోవడం. వీటిలో చాలా వాటిని నాన్నగారే రోడ్డు పక్కన పది నిమిషాల్లోనో అరగంటలోనో సరిచేసుకున్నారు. పాయింట్లయితే గరుకు కాగితం ముక్కతో రుద్ది, మధ్యలో బ్లేడు పెట్టి సందు సరిచూస్తే చాలు. డయాఫ్రం మాత్రం డిక్కీలో ఒకటి అదనంగా పెట్టుకుని తిరిగేవారు. ఇంజను విప్పవలసి వచ్చింది ఒక్కసారే, 2003 మే నెలలో.

హైదరాబాదులో పెళ్ళికి వెళ్తున్నాము. కారులో నాన్నగారు, అమ్మ, అక్క, నేను. సూర్యాపేట దాటిన కాసేపటికి టెంపరేచర్ సూది మధ్యగీత దాటి పైకి జరగడం వెనక సీట్లోంచి నాకు కనిపించింది. నాన్నగారికీ కనిపించింది. ఎండ వల్లనేలే అనుకున్నారు. మరో అయిదు నిమిషాలకు తియ్యటి వాసన ఒకటి వచ్చింది. అది కూలెంట్ ఆవిరైన వాసన అని అప్పటికి మాకు తెలియదు. అమ్మ ఆగుదామంది. "ఇంకెంత, నకిరేకల్ చేరాక నీడ చూసుకుని ఆపుదాం" అన్నారు నాన్నగారు. ఆ తర్వాత కారు బలం తగ్గింది, టాప్ గేరులో లాగలేక మూడో గేరు అడిగింది. నకిరేకల్ కనిపిస్తుండగానే బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది.

రోడ్డు పక్కన లారీలు బాగుచేసే ఒకతను వచ్చి చూశాడు. నేను నీళ్ళ క్యాను తీసుకుని పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మండే హెడ్డు మీద చన్నీళ్ళు పడితే పగులుతుందని, గంటసేపు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి తన పని మీద వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదని, దానికి వేడి తెలిపే స్విచ్ దగ్గర వైరు కొసకు పచ్చగా చిలుము పట్టి కరెంటు అందడం లేదని చూపించాడు. స్విచ్‌తో పని లేకుండా ఫ్యాన్‌ను నేరుగా బ్యాటరీకి కలిపాడు. ప్రతి ఇరవై కిలోమీటర్లకు ఆగి నీళ్ళు చూసుకుంటూ పెళ్ళికి అర్ధరాత్రి చేరాము.

తిరిగి వచ్చాక ఆటోనగర్‌లో హెడ్డు దించారు. డిప్‌స్టిక్ మీద ఆయిలు నీళ్ళు కలిసి పాలు పోసిన టీ రంగులో ఉంది. మేస్త్రి గారు హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పాత గ్యాస్కెట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఎండకు ఎత్తి చూపించారు. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య, చిటికెన వేలి గోరంత వెడల్పున, నల్లగా కాలిపోయి దారి ఏర్పడింది. తర్వాత హెడ్డును తిరగేసి, దాని మీద స్టీలు బద్దను అడ్డంగా నిలబెట్టి, కింద సందు కొలిచే సన్నటి ఫీలర్ బ్లేడు తోశారు. రెండు కొసల దగ్గరా దూరని బ్లేడు మధ్యలో సులువుగా దూరింది. అల్యూమినియం హెడ్డు వేడికి విల్లులా వంగిందన్నమాట. లేత్ షాపులో ఫేసింగ్ చేయించి, అంటే అడుగు చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, మూడో రోజుకు కారు ఇచ్చారు. పిస్టన్లు, అవి తిప్పే క్రాంకు ఇరుసు, బేరింగులు దేనికీ ఏమీ కాలేదు.

ఆ కారు ఆ రోజు మాకు మూడుసార్లు చెప్పింది. సూది పైకెక్కి చెప్పింది, వాసన వేసి చెప్పింది, బలం తగ్గించుకుని చెప్పింది. ఆ మూడు మాటలకు మధ్య సుమారు పాతిక కిలోమీటర్ల గడువు కూడా ఇచ్చింది. మేము వినలేదు. ఇది ఇంజను తప్పా, మా తప్పా అని నాన్నగారిని తర్వాత ఒకసారి అడిగితే, పుస్తకంలో ఆ తారీఖు దగ్గర ఆయన రాసుకున్న వాక్యం చూపించారు: "సూర్యాపేటలోనే ఆపవలసింది."

అయితే ఆ మరమ్మతులో జరిగిన ఒక పొరపాటు గురించి ఇన్నేళ్ళకు గాని మాకు తెలియలేదు. హెడ్డు బిగించేటప్పుడు థర్మోస్టాట్ వాల్వును తీసి పక్కన పెట్టారు. మన ఎండలకు ఈ వాల్వు ఎందుకు, నీళ్ళు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే చల్లగా ఉంటుంది కదా అన్నది ఆ రోజుల్లో షెడ్డులన్నింటిలోనూ చెప్పే మాట. నీళ్ళు ఎనభై డిగ్రీలు దాటేవరకు రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడమే ఆ వాల్వు పని. ఇంజను త్వరగా వేడెక్కాలి, వేడెక్కాక ఆ వేడి దగ్గరే నిలవాలి. వాల్వు లేకపోతే పుష్యమాసం పొద్దుటిపూట ఊళ్ళో అయిదు కిలోమీటర్లు తిరిగినా ఇంజను సరైన వేడికి రాదు. చల్లటి ఇంజనుకు పెట్రోలు పాలు పెంచే చోక్‌ను ఎక్కువసేపు లాగి ఉంచాల్సి వస్తుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి, ఆయిలు త్వరగా పాడవుతుంది. చల్లగా ఉంటే మంచిదని చేసిన పని ఇంజను ఆయుష్షును కొంత తగ్గించింది. ఇంత అన్యాయం జరిగినా ఆ ఇంజను ఇరవై ఏళ్ళకు పైగా నడిచింది. దాన్ని మొండిదంటారో మంచిదంటారో మీ ఇష్టం, నేను మాత్రం ఆ ఇరవై ఏళ్ళ విషయంలో దానికి రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

మూడు సిలిండర్ల మాట తీరు

ఈ ఇంజను అంత స్పష్టంగా చెప్పడానికి దాని కట్టుబడే కారణం. మూడు సిలిండర్లు 1-3-2 వరుసలో, క్రాంకు 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి చొప్పున మండుతాయి. మూడు పిస్టన్ల బరువులు ఒకదాన్నొకటి మొత్తం మీద సరితూచుకుంటాయి గాని, ఇంజను రెండు కొసలూ తిరగలి పిడి కదిలినట్టు అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపును అణచే బ్యాలన్సర్ షాఫ్టు ఇందులో లేదు. అందుకే ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు గేరు రాడ్ వణుకుతుంది, అద్దంలో వెనక బండి చెదురుతుంది. కొత్తగా ఎక్కినవాళ్ళకు ఇది లోపంగా తోస్తుంది. అలవాటైన చేతికి ఆ వణుకే సమాచారం. ఇవాళ వణుకులో తేడా ఉందంటే ఒక ప్లగ్గయినా పని చేయడం లేదు, లేదా ఇంజను మౌంటింగ్ రబ్బరు పోయింది. మూడింట్లో ఒకటి ఆగితే మూడో వంతు బలం పోతుంది కాబట్టి మిస్సింగ్‌ను గుర్తించడానికి మెకానిక్ అక్కర్లేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా పీకి చూస్తే, ఏది పీకినప్పుడు శబ్దం మారదో అదే దొంగ.

వాల్వులను నొక్కే ట్యాపెట్ల శబ్దం కూడా అలాంటిదే. రాకర్ల చివర మరలు వదులైతే కుట్టుమిషను నడిచినట్టు వినిపిస్తుంది. ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజి ఉంటే గంటలో సరిచేయవచ్చు. నాన్నగారు ఆదివారం పొద్దున టిఫిను తర్వాత ఆ పని పెట్టుకునేవారు. నా పని టార్చిలైటు పట్టుకోవడం. ఆ గంటల్లో ఆయన నాకు ఇంజను గురించి చెప్పినదానికంటే, చెవి పెట్టి వినమని చెప్పిందే ఎక్కువ.

అక్క మాట

ఇదంతా మేనల్లుడికి చెబుతుంటే వంటింట్లోంచి మా అక్క వచ్చి కూర్చుంది. అక్క నర్సు. చాలా ఏళ్ళు తెనాలి నుంచి గుంటూరుకు రాత్రి డ్యూటీలకు తానే కారు నడుపుకుంటూ వెళ్ళింది. మొదట కొన్నాళ్ళు ఇదే కారు తీసుకెళ్ళి, 2005లో ఎంపీఎఫ్ఐ కారు, అంటే కార్బ్యురేటర్ బదులు కంప్యూటరే పెట్రోలు కొలిచి పోసే కారు, కొనుక్కుంది. "నువ్వు చెప్పే కబుర్లు బాగానే ఉన్నాయిరా. రాత్రి రెండింటికి ఒక్కదాన్నే వస్తున్నప్పుడు నాకు చెప్పి చెడిపోయే బండి వద్దు, చెడిపోని బండి కావాలి. పాయింట్లు రుద్దుకుంటూ రోడ్డు పక్కన కూర్చునే తీరిక మీ మగాళ్ళకు ఉంటుంది" అంది.

నేను అప్పటికి ఒక ఎదురుమాట సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను. అక్క కొనుక్కున్న ఆ కారు ఒకసారి గుంటూరు దారిలో నారాకోడూరు దగ్గర ఉన్నట్టుండి, ఒక్క కుదుపు కూడా లేకుండా, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. సెన్సర్ వైరును ఎలుక కొరికింది. టో చేసి గుంటూరు తీసుకెళ్ళి, కంప్యూటరు పెట్టి చూస్తే గాని ఏమైందో తెలియలేదు. ముందుగా ఏ సూచనా ఇవ్వలేదు, రోడ్డు పక్కన ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఈ సంగతి గుర్తు చేస్తే అక్క ఒకటే అడిగింది: "పదేళ్ళలో ఎన్నిసార్లు?" ఒక్కసారే. నాన్నగారి పుస్తకం లెక్కన పదేళ్ళకు సగటున ఎర్ర గుర్తులు పదమూడు.

ఆ లెక్క ముందు నా వాదం చాలావరకు ఓడిపోయిందని ఒప్పుకోవాలి. ఆగిపోయిన సార్లు లెక్కపెట్టడమే నమ్మకానికి కొలత అయితే, కార్బ్యురేటర్, పాయింట్లు ఉన్న పాత ఇంజను కొత్తదానికి సాటి రాదు. ఎలక్ట్రానిక్స్ వచ్చి ఇంజన్లు పాడయ్యాయని మా తరంవాళ్ళు అనే మాట నాకు ఎప్పుడూ రుచించలేదు. పొద్దున్నే చోక్ లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, ఆగితే మళ్ళీ తిప్పే అవస్థను తొలగించింది ఎంపీఎఫ్ఐయే. ఒక ఆగడానికీ మరో ఆగడానికీ మధ్య తేడా ఉందన్న నా మాట మాత్రం ఇప్పటికీ వదులుకోను. పదమూడుసార్లు ఆగి పన్నెండుసార్లు అరగంటలో కదిలిన బండికీ, ఒక్కసారి ఆగి రెండు రోజులు కదలని బండికీ మధ్య ఏది మంచిదో ఆ బండిలో ఉన్న మనిషిని బట్టి, ఆగిన చోటును బట్టి, వేళను బట్టి ఉంటుంది. అక్కకు ఏది మంచిదో అక్క సరిగ్గానే తేల్చుకుంది.

నా వాదంలో ఇంకో బలహీనత ఉంది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే పాత 800లను చూసి ఆ ఇంజను ఎంత గట్టిదో అనుకుంటాము. పాతిక లక్షలకు పైగా తయారైన ఆ కార్లలో మిగిలినవి ఏవి? మా నాన్నగారి లాంటివాళ్ళు పుస్తకం రాసి పెంచినవి. మిగతావి ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయాయి, వాటి కథ చెప్పేవాళ్ళు లేరు. అసలు ఆ ఇంజను చెడిపోనిదే అయితే ఆటోనగర్‌లో అన్ని షెడ్డులు, బోరింగ్ చేసే అన్ని లేత్ షాపులు, తొలిచిన సిలిండర్లకు పట్టే అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు అమ్మే అన్ని కొట్లు ఎలా బతికాయి? ఆ ఇంజను విరివిగా చెడిపోబట్టే దాన్ని బాగుచేయడం ఊరూరా తెలిసింది. ఊరూరా తెలియబట్టే చెడిపోయినా భయం లేకపోయింది. నమ్మకం అని మనం అన్నదాంట్లో ఆ తెలిసిన చేతుల వాటా ఎంతో ఉంది. ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మా మేస్త్రి గారు పని మానేశారు. ఆయన కొడుకు స్కానర్ పెట్టి తప్పు పట్టుకోవడంలో దిట్ట, గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసే కార్బ్యురేటర్ మిక్స్చర్ స్క్రూ దగ్గర మాత్రం తడబడతాడు. ఇంజను మారలేదు, కాని దాని నమ్మకం ఏడాదికేడాది తగ్గుతోంది. కాగితం మీది అంకెల్లో ఈ తగ్గుదల ఎక్కడా కనపడదు.

నలభై ఏళ్ళ 796

సీసీ మారకుండా ఆ ఇంజను ఎంత దూరం వచ్చిందో కూడా చెప్పాలి. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చింది. సిలిండరుకు నాలుగు వాల్వుల ఎఫ్8డి ఆల్టోలోకి వెళ్ళింది. హైదరాబాదుతో సహా పదమూడు నగరాల్లో బీఎస్-4 పొగ నిబంధనలు రావడంతో 2010 ఏప్రిల్ నుంచి అక్కడ 800 అమ్మకం ఆపేశారు. 2014 జనవరి 18న ఆఖరి 800 తయారైంది. అవే 68.5, 72 కొలతల ఇంజను ఆల్టోలో బీఎస్-6 దాకా బతికి, 48 హార్స్‌పవర్, 69 న్యూటన్ మీటర్లు ఇస్తూ 2023 వరకు అమ్ముడైంది. 59 నుంచి 69కి రావడానికి అన్నేళ్ళు పట్టిందని ఎవరైనా తక్కువగా చూడవచ్చు. ఆ దారిలో పొగ ఎంత తగ్గిందో నాకు మా కారు వెనక నిలబడినప్పుడల్లా తెలుస్తుంది. 1990 నాటి మా కారుకు క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఇలాంటి కారును రోజూ హైవే మీద తిప్పమని నేను ఎవరికీ చెప్పను, నేనూ తిప్పను.

ఇప్పటి భయం ఈ20ది, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుది. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ, ఈ20 వల్ల దానికి తగినట్టు సరిచేసిన కార్లలో మైలేజీ ఒకటి రెండు శాతం, మిగతావాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గవచ్చని చెప్పింది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజమే. కార్బ్యురేటర్‌కు అసలు చిక్కు వేరే ఉంది. పెట్రోలు మండడానికి ఒకటికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. ఎంపీఎఫ్ఐ ఇంజను సెన్సర్‌తో చూసుకుని ఇంధనం కొంచెం పెంచుకుంటుంది. జెట్ రంధ్రం మాత్రం ఇత్తడిలో తొలిచినది, దానంతట అది పెద్దది కాదు. గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, యాక్సిలరేటర్ తొక్కిన మొదటి క్షణంలో ఇంజను తటపటాయిస్తుంది. మా కారులో ఈ రెండూ నేను గమనించాను.

ఇలాంటి భయం ఇంతకుముందు ఒకసారి చూశాము. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మినప్పుడు, పాత ఇంజన్లలో వాల్వులు ఆనుకునే సీట్లు అరిగిపోతాయని చాలామంది బెదిరారు. అల్యూమినియం హెడ్డులో వాల్వు సీట్లుగా విడి గట్టి లోహపు రింగులను కూర్చడం తప్పనిసరి. 2003లో హెడ్డు విప్పినప్పుడు మా సీట్లు శుభ్రంగా ఉన్నాయి. ఆ అనుభవంతో ఈ20 భయమూ అతిశయోక్తేనని కొట్టిపారేయాలని ఉంది గాని, సీసం సంగతికీ రబ్బరు సంగతికీ పోలిక లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది. గత నవంబరులో పెట్రోలు గొట్టాలు విప్పిస్తే, ఒకటి వేలితో నొక్కగానే లోపలి పొర బియ్యపు పొట్టులా రాలింది. అది ఇథనాల్ పనో, వయసు పనో నేను చెప్పలేను. ఎలాగూ మార్చవలసిన గొట్టమే.

గొట్టాలతో పాటు పంపు డయాఫ్రం కూడా మార్పించి, మేస్త్రి గారి అబ్బాయితో థర్మోస్టాట్ వాల్వు కూడా కొత్తది పెట్టించాను. అతను మొదట ఒప్పుకోలేదు. వాళ్ళ నాన్నకు ఫోను చేశాడు. ఆయన కాసేపు ఆలోచించి, పెట్టెయ్, ఫ్యాన్ స్విచ్ వైరు మాత్రం కొత్తది వెయ్యమన్నారు. మరుసటి పొద్దున చోక్ రెండు నిమిషాల్లోనే లోపలికి తోసేయగలిగాను. సూది మధ్యగీతకు కొంచెం కిందకు వచ్చి అక్కడే నిలబడింది, ఊరంతా తిరిగి వచ్చినా అక్కడే ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ సూది అలా ఒకచోట నిలబడడం నేను చూడలేదు. నాన్నగారి పుస్తకంలో తారీఖు, కిలోమీటర్లు, మార్చిన సామాను నీలి సిరాతో రాసి, దాన్ని తిరిగి బీరువాలో పెట్టాను. మిక్స్చర్ స్క్రూ పావు చుట్టు వదులు చేస్తే ఆ మొదటి క్షణపు తటపటాయింపు తగ్గుతుందేమో వచ్చే ఆదివారం చూడాలి. టార్చిలైటు పట్టుకుంటానని మేనల్లుడు ఆ వారానికి ప్రయాణం వాయిదా వేసుకున్నాడు.